లైనింగ్ ముక్క

"ఈ ఫిల్టర్ కడిగి ఎన్నాళ్లయింది మేడమ్?" నిచ్చెన మీద నుంచే గదమాయించాడు ఏసీ మెకానిక్.

"కడగాలని ఎవరూ చెప్పలేదే!" కుట్టుమిషన్ దగ్గర నుంచి లేవకుండానే అంది ఆమె.

"ఒకరు చెప్పాలా? ఈ పీచంతా దులిపితే ఓ దిండు అవుతుంది."

"పీచు మీరివ్వండి, గలేబు నేను కుడతాను."

అతను నవ్వాపుకోలేక నిచ్చెన మీద తూలాడు. అంత కోపిష్టి మొహంలో అంత మంచి నవ్వుంటుందని ఆమె అనుకోలేదు. ఆ పూటే మనసు పారేసుకుంది.

వెళ్లేముందు అతను ఓపిగ్గా చెప్పాడు. "ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడదు. లోపల ఐస్ కట్టి ఫ్యాన్‌ని పట్టేస్తుంది. అది కాసేపు గింజుకుని ఆగిపోతుంది. ఐస్ కరిగాక మళ్లీ తిరుగుతుంది. ఇంతేనండీ దీని జబ్బు."

ఆమె బుద్ధిగా వింది. అలా వినకపోయినా బాగుండేది.

వారం తిరక్కుండానే ఫిల్టర్ వెనక ఓ లైనింగ్ ముక్క దోపి, ఫ్యాన్ ఆగేదాకా కూర్చుంది. ఆగగానే ముక్క తీసి దాచేసి, కంపెనీకి ఫోన్ చేసింది. సాయంత్రానికి అతను వచ్చాడు. ఫిల్టర్ చూస్తే శుభ్రంగా ఉంది. తల గోక్కుని కెపాసిటర్ మార్చాడు. తర్వాతిసారి సెన్సర్, ఆ పైసారి ఏకంగా మోటారు.

"ఈ ఏసీకి ఆ అబ్బాయంటే ఇష్టంలా ఉంది. కనపడకపోతే అలిగి కూర్చుంటోంది," అంది వదిన.

"నీకన్నీ వేళాకోళాలే వదినా!" అని ఆమె తల వంచుకుని దారం ఎక్కించింది.

ఓ వానసాయంత్రం మోటారు బిగిస్తూ అతను నెమ్మదిగా అన్నాడు. "మీ ఇంటికి వెళ్తున్నానంటే చాలు, మా ఆఫీసులో నవ్వుతున్నారండీ. ఇన్నేళ్లలో ఏ మిషనూ నన్నిలా ఏడిపించలేదు." ఇంకో స్క్రూ అందుకుని, "ఇది బాగయ్యాక మీతో ఓ మాట చెప్పాలి. పని సగంలో ఉండగా చెబితే బాగోదు," అన్నాడు.

ఆ మాటేమిటో ఆమెకి తెలుసు. కానీ కంప్లయింట్ లేందే అతను రాడు, వచ్చి బాగుచేశాననుకుంటే గానీ నోరు తెరవడు. అందుకని ఈ ఒక్కసారికే అనుకుని మళ్లీ ముక్క దోపింది. అతను వచ్చేది సాయంత్రమేగా, ఈలోగా తీయొచ్చులే అని ముందే ఫోన్ చేసేసింది.

గంట తిరక్కుండా వచ్చాడు. ఇన్ని కంప్లయింట్లేమిటో చూద్దామని వెంట సూపర్‌వైజర్ కూడా. తలుపు తీసింది అన్నయ్య.

అతను ఫిల్టర్ లాగగానే పసుపుపచ్చ లైనింగ్ ముక్క జారి నేలమీద పడింది.

"గుడ్డ కుక్కి ఫ్యాన్ ఆపడం, పార్టులు మార్చడం! బాగుందయ్యా వ్యాపారం!" అన్నాడు సూపర్‌వైజర్.

"దొంగనా ఇన్నాళ్లూ ఇంట్లోకి రానిచ్చింది?" అన్నయ్య గొంతు పెంచాడు.

మెకానిక్ ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూశాడు. మిషన్ సూది కింద ఉన్న జాకెట్‌కీ అదే పసుపుపచ్చ లైనింగ్. కళ్లెత్తి ఆమెని చూశాడు, చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట చెబితే చాలు. ఆమె అన్నయ్య పాదాల వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఫిల్టర్ తుడిచి గుడ్డ లోపలే మర్చిపోయాను సార్," అన్నాడు అతను.

ఆ రోజే అతని ఉద్యోగం పోయింది.

వాకబు చేసి చేసి, చివరికి పాత కూలర్లు బాగుచేసే ఓ షెడ్డులో అతన్ని పట్టుకుంది.

"ఆ గుడ్డ నేనే పెట్టాను. మిమ్మల్ని చూడాలనే... మీరంటే నాకు ప్రాణం."

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "అప్పుడే అర్థమైందండీ. నిజం చెప్పొద్దూ, అంతమందిలోనూ ఒక్క క్షణం సంతోషమేసింది. ఇక మీరు నోరు విప్పుతారని చూశాను."

"భయమేసింది."

"నాకూ వేసింది." స్క్రూడ్రైవర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "పోనీ, మీ అన్నయ్యకి తర్వాతైనా చెప్పారా?"

"చెప్తాను... వీలు చూసుకుని."

అతను నవ్వాడు. నిచ్చెన మీద నవ్విన నవ్వు కాదది. "ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"ఫిల్టర్ మాత్రం కడుగుతూ ఉండండి," అని కూలర్ వైపు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చి ఆమె మిషన్ ముందు కూర్చుంది. గదంతా చల్లగా ఉంది.

"చూశావా, ఆ దొంగ పీడ విరగడయ్యాక ఒక్కసారైనా ఆగిందా!" అంది వదిన గుమ్మంలోంచి.

ఆమె సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"అవును వదినా," అంది.