మాస్కు పెట్టుకున్న మనిషి

"సేఫ్టీ ఆఫీసర్ మెట్ల మీంచి జారిపడి పోలేదు. తోసేశారు." ఫొటో బల్ల మీద పెట్టి అన్నాడు చీఫ్.

ఊరి మధ్యనున్న కోల్డ్ స్టోరేజీ ప్లాంటులో అమోనియా విషవాయువును వదిలేందుకు ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ప్లాంటులో వాళ్లకు పనిచేసే మనిషెవరో తెలియదు. పోయినవాడి కుర్చీలో కూర్చుని ఏజెంట్ గోరింక ఆ మనిషిని పట్టుకోవాలి. అక్కడ సాయానికి 'మల్లె' ఉంది. మేనేజరు సెక్రటరీ, అందగత్తె. ముఠా దగ్గర జీతం పుచ్చుకుంటూ మనకు కబుర్లు చేరవేస్తుంది.

ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. టేబుల్ వేసింది బాత్‌రూమ్ పక్క నడవాలో. గోరింక కనపడగానే అందరూ హెల్మెట్లు పెట్టుకునేవారు, దాటగానే తీసేసేవారు. మేనేజరుకు చెబితే, ముందు ప్రొడక్షన్ సంగతి చూడమన్నాడు. వచ్చినప్పుడల్లా మర్యాదలు చేయాల్సి వస్తోందని ఫోర్‌మన్ అతనికి 'అల్లుడుగారు' అని పేరు పెట్టాడు. కుర్చీ కాలి కింద చెక్కముక్క పెట్టింది కూడా ఆ ఫోర్‌మనే.

గోరింకకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే తిరగాలనిపించేది. పెన్ను కెమెరాలో పడ్డవన్నీ హెల్మెట్ లేని బోడి తలలే.

ఆ మధ్యాహ్నం మల్లె నడవాలో ఆగింది.

"వాన పడేలా ఉంది."

"గొడుగు తెచ్చాను."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఇవాళే. షిఫ్ట్ మారేటప్పుడు. ఎవరో నాకూ తెలీదు."

గోరింక తెల్ల హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. పాత కూలీ చొక్కా తొడుక్కుని, తువ్వాలు ముఖానికి చుట్టుకుని ప్లాంటులోకి నడిచాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఒక్క తల మీదా హెల్మెట్ లేదు.

కంప్రెసర్ గదిలో మాత్రం ఒక మెకానిక్, బూట్లు, గ్లౌజులు, పట్టీలు బిగించిన గ్యాస్ మాస్కుతో నిలబడి ఉన్నాడు.

ఎవరూ చూడనప్పుడు కూడా సేఫ్టీ ఆఫీసర్ మాట వినేవాడు ఈ ప్లాంటులో ఉండడు. గోరింక పరుగెత్తాడు.

మెకానిక్ చెయ్యి అప్పటికే వాల్వు చక్రాన్ని తిప్పుతోంది. గోరింక ఎమర్జెన్సీ స్టాప్ గుద్ది, వాడి మాస్కు లాగేశాడు. ఇక వాల్వు పూర్తిగా తెరుచుకుంటే ముందు పోయేది మెకానికే. ఘాటు ముక్కుకు తగలగానే వాడి చెయ్యి దానంతటదే చక్రాన్ని వెనక్కి తిప్పేసింది.

పరుగున వచ్చిన ఫోర్‌మన్ వాణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే హెల్మెట్ వెతికి తలకు బిగించుకున్నాడు. "ఇక కూర్చోండి అల్లుడుగారూ," అన్నాడు మెల్లగా.

సాయంత్రం మల్లె మేనేజరు పంపిన మెమో తెచ్చింది. అనుమతి లేకుండా ప్రొడక్షన్ ఆపినందుకు, హెల్మెట్ లేకుండా కంప్రెసర్ గదిలోకి వెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

ఇన్నాళ్లకు ఒకరైనా రూల్సు చదివారని గోరింక సంతోషించాడు.