గొడుగుల షాపు స్టాపు

"ఇక్కడ స్టాపు లేదు కదండీ, ట్రామ్ ఎందుకు ఆపారు?"

గొడుగుల షాపు అమ్మాయి మడిచిన గొడుగుని కర్రలా పట్టుకుని మరీ అడిగింది. ట్రామ్ డ్రైవరు తడబడ్డాడు.

"పట్టాల మీద పిల్లి అడ్డొచ్చిందండీ."

"నిన్న కూడా పిల్లేగా?"

"అదే పిల్లండీ. దానికి ఈ వీధంటే ఇష్టం."

పిల్లీ లేదు, పాడూ లేదు. ఆ అమ్మాయి తెరిచిన గొడుగు వెనక నుంచి తల బయటపెట్టే ఒక్క క్షణం కోసం మనవాడు రోజూ బ్రేకు వేస్తున్నాడు. వెనక నుంచి కండక్టరు బాబాయి గంట కొడుతూనే ఉంటాడు. వీడికి వినపడి చస్తేనా!

ఎలాగూ ఆగుతోంది కదా అని జనం అక్కడే ట్రామ్ ఎక్కడం మొదలుపెట్టారు. ముందు ఒక ముసలాయన, తర్వాత ఆయన స్నేహితులు, ఆ తర్వాత వీధి వీధంతా. క్యూ షాపు గుమ్మం దాకా వచ్చింది. అమ్మాయి తిట్టుకుంటూనే వాళ్ళకి గొడుగులు అమ్మేది.

ఊరు పెరిగింది. ట్రామ్‌లు చాలవు, భూమి కింద మెట్రో వేస్తామంటూ సర్వేవాళ్ళు దిగారు. జనం ఎక్కువగా ఎక్కేది ఎక్కడో చూశారు. ఇంకెక్కడ? స్టేషన్ అక్కడే అన్నారు. షాపు కొట్టేయాలన్నారు.

కండక్టరు బాబాయి కడుపులో మాట దాచుకోలేక అమ్మాయికి పిల్లి సంగతి చెప్పేశాడు. మర్నాడు ఆమె ట్రామ్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"నన్ను చూడాలంటే షాపులోకి రావచ్చుగా! షాపు పోతోందని మా నాన్న అన్నం మానేసి కూర్చున్నారు, తెలుసా?"

"లోపలికొస్తే ఏదో ఒకటి మాట్లాడాలి కదండీ. నాకు బ్రేకు వేయడం తప్ప ఏమీ చేతకాదు."

డ్యూటీ దిగగానే అతను తిన్నగా మెట్రో ఆఫీసుకి పరిగెత్తాడు.

"ఆ స్టాపు అబద్ధం సార్. పిల్లి కూడా అబద్ధమే."

"జనం నిజమే కదయ్యా!" అన్నాడు ఆఫీసరు.

కాళ్ళావేళ్ళా పడగా పడగా, చివరికి స్టేషన్‌లోనే ఒక షాపు ఇస్తామన్నారు.

"భూమి కింద వాన పడుతుందా? గొడుగులు ఎవరు కొంటారు?" అంది అమ్మాయి, ఇంకా కోపంగానే.

మెట్రో మొదలైంది. ట్రామ్‌లు ఆపేసి, వాటి డ్రైవర్లని మెట్రో శిక్షణకి పంపారు. కొత్త షాపులో ఆమె ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ట్రామ్ గంట వినపడక అసలేమీ తోచడం లేదు. ఆ గంట మీద కాదు, గంట విననివాడి మీదే తనకి బెంగ అని అప్పుడు తెలిసింది.

ఒకరోజు, వచ్చి ఆగిన రైలు మైకులోంచి తెలిసిన గొంతు పలికింది.

"ప్రయాణికులకు గమనిక! పైన వాన దంచి కొడుతోంది!"

జనం షాపు మీద పడ్డారు. గొడుగులన్నీ అయిపోయాయి. తీరా పైకి వెళితే ఎండ మాడ్చేస్తోంది.

అమ్మాయి ప్లాట్‌ఫామ్ చివర ఉన్న డ్రైవరు కిటికీ దగ్గరికి పరిగెత్తింది. నవ్వాపుకోలేకపోతోంది.

"వాన ఎక్కడండీ?"

"ఎండకి కూడా గొడుగు వేసుకోవచ్చు కదండీ."

"సరే, రైలు కదలదేం?"

"పట్టాల మీద పిల్లండీ."

ఆమె పట్టాల వైపు చూడనే లేదు.

"ఆదివారం ఆ పిల్లిని మా ఇంటికి తీసుకురండి. నాన్న ఒకసారి చూస్తానన్నారు."