నాడె తాకని పెదవులు

కోరుట్లలో సామేలు చచ్చిపోయిన మర్నాడే ఏజెంట్ ఓదెలుకు పిలుపొచ్చింది.

2011 అక్టోబరు. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బొగ్గు లేదు, కరెంటు లేదు. జగిత్యాలలో మూతబడ్డ విత్తనాల దుకాణం వెనక గదిలో చీఫ్ చెమట తుడుచుకుంటూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. సామేలు దుబాయి నుంచి ఒక అత్తరు సీసా తెచ్చాడు. అందులో ఉన్నది జలుబు తెచ్చే వైరస్. మోసుకొచ్చినవాడే ముందు పోయాడు. సీసా మాత్రం సిరిసిల్లలోని ఒక మరమగ్గాల షెడ్డుకు చేరింది.

"జలుబుకే మనిషి చస్తడా సార్?"

"వైరస్ తలుపు తీస్తుంది. చంపేవాడు వెనకాల వస్తాడు."

ఊపిరి పోయే దారి పొడవునా లోపల ఒక పొర ఉంటుందని చీఫ్ చెప్పాడు. కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. పైన జిగురు దుమ్మును పట్టుకుంటే, సన్నటి కేశాలు దాన్ని బయటికి ఊడుస్తాయి. వైరస్ ఆ కేశాలను పడగొట్టి, కణాల మధ్య అతుకులు విప్పుతుంది. ఆ సందుల్లోంచి బ్యాక్టీరియా దూరి న్యుమోనియా తెస్తుంది. ఆ పొరను బాగుచేసే స్ప్రే అంటూ ఒక విదేశీ ముఠా సరుకు సిద్ధం చేసుకుంది. అది అమ్ముడుపోవాలంటే ముందు పొరలు చిరగాలి.

ఆ షెడ్డులోనే ఓదెలు బావ వెంకటి పనిచేస్తాడు. ఇరవై ఏళ్ళుగా నూలు దుమ్ము పీల్చి ఆయన ఊపిరి అప్పటికే సగమైంది.

చీఫ్ కెమెరా వాచీ, బొత్తం మైకు ఇచ్చాడు. రెండింట్లోనూ చార్జింగ్ లేదు. షెడ్డు దగ్గర నర్సు వేషంలో మన రేణుక ఉందనీ, ఆమె కూడా మరమగ్గాల ఇంటి బిడ్డేననీ అన్నాడు. "ఇంకో మాట. డ్యూటీలో నినాదాలు చేయకు."

ఓదెలు ముందు కోరుట్ల వెళ్ళి సామేలు భార్య లక్ష్మవ్వను కలిశాడు. "జలుబే అనుకున్నం అన్నా. తొమ్మిదో నాటికి ఊపిరి ఆడలె" అని ఆమె గోడ వైపు తిరిగి ఏడ్చింది. అక్కణ్ణుంచి సిరిసిల్ల వచ్చే దారిలో రాస్తారోకో. జై తెలంగాణ అంటే తప్ప బండి కదలదన్నారు. అన్నాడు. రెండు వందల గొంతులు బదులిచ్చాయి. చాయ్ తాగుతున్నవాడు కూడా గ్లాసు దించి పిడికిలి ఎత్తాడు.

సిరిసిల్ల చేరేసరికి మూడు కావస్తోంది. మూడింటికి కరెంటు వస్తుందని నలభై మంది సాంచలనే ఆ మరమగ్గాల దగ్గర కాచుకుని ఉన్నారు. గుమ్మంలో తెల్ల చీర, నల్ల కళ్ళద్దాలు, కొప్పులో వెండి పిన్ను. చూపు తిప్పుకోవడం కష్టమే.

"నూలు కండె నిండిందా?" అడిగాడు ఓదెలు.

"కరెంటు రాలె."

కోడ్ కలిసింది. నీళ్ళూ గాలీ పరీక్ష చేశాననీ, ఇక్కడేమీ లేదనీ, సీసా వేములవాడ వైపు పోయిందనీ రేణుక చెప్పింది. ఓదెలు పక్క మగ్గం మీంచి, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సాంచల ఇంటి బిడ్డనంటవు గదా. పోగు తియ్యి సూద్దాం."

ఆటపట్టించడానికే అన్నాడు. రేణుక కొప్పులోని పిన్ను తీసి, నాడె కన్నంలోంచి పోగును నాజూగ్గా లాగింది.

ఓదెలు ఆ షెడ్డులోనే పెరిగాడు. అక్కడ ఎవరైనా నాడెకు పెదవులు ఆనించి పోగును పీల్చి లాగుతారు. పిన్ను వాడినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. సీసాలోది ఎక్కడ పూశారో, పూసిందెవరో అతనికి తెలిసిపోయింది.

"నోరెందుకు పెట్టలె రేణుకా?"

పిస్తోలు అతని పక్కటెముకలకు తగిలింది. "కదిలితే కాల్చేస్తాను." అప్పటిదాకా పలికిన యాస ఎటో పోయింది.

బల్బులు వెలిగాయి. నలభై నాడెలు ఒక్కసారే నోళ్ళ దాకా లేచాయి. మూడు రోజులకొచ్చిన కరెంటు, ఆగమంటే ఎవడూ ఆగడు. సాంచలు తిరిగితే అరుపు కూడా వినబడదు. ఓదెలు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"జై తెలంగాణ!"

నాడెలు పట్టుకున్న పిడికిళ్ళు నలభై పైకి లేచాయి. నోళ్ళన్నీ బదులివ్వడంలో పడ్డాయి. రేణుక అటు చూసింది. ఆ అరక్షణంలో ఓదెలు ఆమె మణికట్టు మెలిపెట్టాడు. గుండు వెళ్ళి మీటరు బోర్డుకు తగిలింది. కిటికీల్లేని షెడ్డు మళ్ళీ చీకటైంది.

"నాడెలు కింద పెట్టుండ్రి. నోట్ల పెడితే సస్తరు" అన్నాడు ఓదెలు, రేణుక చెయ్యి వదలకుండానే.

చీకట్లోంచి వెంకటి దగ్గాడు. "బామ్మర్దీ, గిప్పుడే గదరా కరెంటు అచ్చింది."

వారానికి చీఫ్ దగ్గర్నుంచి ఒక ఫారం వచ్చింది. 'వాడిన సామగ్రి' అన్న గడిలో ఓదెలు 'నినాదం, ఒకటి' అని రాశాడు. 'తిరిగి అప్పగించారా?' అన్న గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు.