నలభై రెండు సంతకాలు

సాయిలక్ష్మి నన్ను మొదటిసారి తిట్టింది ఎందుకనుకుంటున్నారు? ఆమెకు సాయం చేసినందుకు!

ఆమెది కొడవలూరు, వరి పండించే ఇల్లు. జన్యువుల పరిశోధనకని సముద్రపొడ్డున ఉన్న మా జాలర్ల పాళేనికి వచ్చింది. మనిషి ఉమ్మి ట్యూబులో పట్టి, ల్యాబులో చదివి, వంశంలో ఏ జబ్బులుండాయో చూస్తారంట. ఆ సాయంత్రం ట్యూబుల పెట్టె, ఒప్పుకోలు కాగితాలు మా ఇంట్లో పెట్టి, "రేపొచ్చి ఒక్కొక్కరితో మాట్లాడతా గణేష్" అని నవ్వి పోయింది. ఆ నవ్వుకే నేను చెడిపోయినా.

తెల్లారగానే మా పాళెం పెద్ద, పెద్దకాపు కామాక్షయ్య దగ్గరికి పోయినా. వేటకు సెలవైనా, తగువు తీర్పైనా, ఆయన సరేనంటే పాళెమంతా సరేనన్నట్టే. ఆయన మైకులో చెప్పినాడు, జనం లైన్లో నిలబడి ఉమ్మినారు. సంతకాలంటారా? అన్నీ నేనే పెట్టేసినా.

ఆమె స్కూటీ దిగంగానే పెట్టె చేతికిచ్చినా. "నలభై రెండు! ఎట్టుంది?"

కాగితాలు తిప్పి చూసింది. మొహం పాలిపోయింది.

"అన్నీ ఒకటే చేతిరాత గదా!"

"నాదే. బాగుండాయా?"

"అయ్యో దేవుడా! ఇవన్నీ పారెయ్యాల. నెలాఖరుకు శాంపిల్స్ ఇయ్యకపోతే నా ఉద్యోగం ఊడుద్ది, తెలుసా?"

"పారెయ్యడమెందుకు? ఎవురూ కాదన్లేదు గదా?"

"ఎవుర్నీ అడగలేదు గదా! మీ అమ్మ ఉమ్మిలో నీ సంగతి కూడా ఉంటాది. రేపేదో జబ్బని తేలితే వినాలని ఆమెకుందా?"

నాకేం అర్థం కాలా. ఉద్యోగం పోద్దంటాది, తనే పారేస్తానంటాది. ఇదెక్కడి చోద్యం!

మళ్ళీ ఒక్కొక్కర్నే అడుగుతానని, మొదట మా ఇంటికే వచ్చింది. మా అమ్మ నాగులమ్మ చేపలు కోస్తా ఉంటే, పక్కనే కూర్చోని అంతా చెప్పింది.

"మా నాయన గుండె ఆగి పోయినాడు. నాకూ అట్టనే అని తెలిస్తే రేపట్నించి అన్నమెట్టా దిగుద్ది? నాకొద్దు తల్లీ," అనింది అమ్మ.

"ఒప్పుకోమ్మా, ఆమె ఉద్యోగం..."

"గణేష్, నువ్వు బయటికి పో," అనింది సాయిలక్ష్మి. అమ్మతో మాత్రం మెత్తగా, "వద్దంటే వద్దే పెద్దమ్మా," అని ఆమె కాగితం మీద అడ్డంగా గీత కొట్టేసి, టీ తాగి పక్కింటికి పోయింది.

అమ్మ నన్ను పిలిచింది. "ఒరే, పెద్దకాపు మాటకు ఉమ్మినా గానీ, నా మనసులో ఏముందో ఇంతవరకు ఎవురూ అడగలా. మీ నాయన కూడా అడగలా. ఈ పిల్లను వదులుకోబాకు."

"ఆమెకు నేనంటే కోపమమ్మా!"

"అడిగినావా?"

సాయంత్రందాకా పెట్టె మోస్తా ఆమె వెనకాలే తిరిగినా. చివరికి స్కూటీ దగ్గర అనేసినా. "నువ్వంటే నాకు శానా ఇష్టం. నీకు?"

"నాకు కోపం."

"కోపం సంగతి తెలుసు. ఇష్టమా కాదా?"

ఆమె పెట్టెకేసి చూసింది. ఒక్కొక్కర్నీ అడిగినాక, పదకొండు ట్యూబులే నిండినాయి.

"ఇష్టమే. కానీ నెలాఖరుకు నా ఉద్యోగం పోవచ్చు. పక్కనుంటావా?"

ఈసారి ఎవుర్నీ అడక్కుండా, నా ఒక్కడి మాట నేనే చెప్పినా. "ఉంటా."