తలుపులు బిగించే బండి

కొత్తపేట దాటి పంటకాలువ గట్టున రెండు మలుపులు తిరిగితే దేవదానం గారి కొబ్బరితోట వస్తుంది. పగటివేళ ఆ తోటను చూసి ముచ్చటపడనివారు లేరు. పొద్దుగూకిన పిదప మాత్రం ఆ దారిన నడిచే సాహసం ఎవరికీ ఉండదు. చలి మొదలైందంటే మరీను. పాలు పోసే అమ్ములు బురదచేలకు అడ్డంపడి, చుట్టూ తిరిగి పోతుందే గాని, ఆ గట్టు తొక్కదు.

కారణం... తోట నడుమ తాటాకు పాక కింద నిలిచి ఉన్న ఒక పాత బండి.

దానిని నతానియేలు గారి ఇంటిబండి అంటారు. ఆయన దేవదానం గారి తండ్రి. సువార్త చెప్పడానికి లంకగ్రామాలన్నీ తిరిగిన పుణ్యమూర్తి. ఏ ఊళ్లో పొద్దుగుంకితే ఆ ఊళ్లోనే విశ్రమించడానికి వీలుగా, ఒక వ్యానులో మడతమంచం, చిన్న పొయ్యి, కిటికీలకు తెరలు అమర్చుకున్నారు. భార్య సువర్ణమ్మ గారితో ఆయన సంసారం సగం ఇంట్లో, సగం ఆ బండిలో సాగింది. ఆయన ప్రభువు సన్నిధికి చేరాక బండి పాక కిందికి చేరింది. ఇంజను నేటికీ తిరుగుతుంది. తలుపులే...

చలికాలపు రాత్రి వచ్చిందంటే దాని మూడు తలుపులూ వాటంతట అవే బిగుసుకుంటాయి. తాళంచెవి తిరగదు, పిడి కదలదు, భుజం పెట్టి తోసినా చలనం ఉండదు. ఎండ పొడిచాక ఏమీ ఎరగనట్టు తెరుచుకుంటాయి. ఇది చాలదన్నట్టు, చీకటిపడే వేళ తెల్లని ఆకారమొకటి బండి చుట్టూ తిరుగుతూ, ఒక్కొక్క తలుపు దగ్గరా వంగి, ఏదో గుసగుసలాడి పోవడం అమ్ములు గట్టు మానకముందు ఒకనాడు కళ్లారా చూసింది.

పాతఇనుము కొనే త్రిమూర్తులు అనుభవం ఇంకా ఘోరం. నిరుడు క్రిస్మస్ ముందర, బండి ఎంత తూగుతుందో చూద్దామని రాత్రి చలి ముదరకముందే ఎవరికీ చెప్పకుండా లోపలికి దూరి, దోమలకు జడిసి తలుపు వేసుకున్నాడు. అంతే! ఎండెక్కేదాకా లోపలినుంచి బాదుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు విన్నవారందరూ దెయ్యమనుకుని తమ ఇళ్ల తలుపులు బిగించుకున్నారు.

"ఎవరో పిడి అవతలినుంచి పట్టుకుని ఆపేరండీ... ఆయ్!" అని ఇప్పటికీ ఒట్టువేసి చెబుతాడు.

ఆ పైన జరిగినది దేవదానం గారు స్వయంగా చెప్పగా విన్నదే.

ఈ అపకీర్తికి విసిగి, ఆయన ఈ డిసెంబరులో బండిని త్రిమూర్తులుకే ఇచ్చివేయ నిశ్చయించారు. ఆ మాట విని సువర్ణమ్మ గారు కంచం ముందునుంచి లేచిపోయారు. భర్తతో ఎన్నో క్రిస్మస్ రాత్రులు గడిపిన గోదావరి రేవుకు, ఆ బండిలోనే మరొక్కసారి వెళ్లాలన్నది ఆమె కోరిక. అది మనవరాలు మెర్సీకి ఒక్కదానికే తెలుసు.

మెర్సీ రామచంద్రపురం కాలేజీలో భౌతికశాస్త్రం బోధిస్తుంది. సెలవులకు రాగానే మూడు తలుపుల తాళాలూ ఊడదీసి, తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, సడలిన స్ప్రింగులు మార్చి బిగించింది. మధ్యాహ్నం తాళంచెవి అలా పెడితే ఇలా తిరిగింది. మర్నాడు తెల్లవారుజామున చూస్తే... మళ్లీ బిగుసుకునే ఉన్నాయి!

"దెయ్యం మీద నీ కిరసనాయిలు ఏం పనిచేస్తుందే?" అని దేవదానం గారు నవ్వారు. "రేపు పొద్దున్నే త్రిమూర్తులు వస్తున్నాడు."

"నాన్నా, ఇవాళ రాత్రి నేను బండిలోనే పడుకుంటాను. పొద్దున తలుపు నేనే తీసుకుని బయటికొస్తే, బండి మనతోనే ఉండాలి."

"సూర్యుడు రాకముందే రావాలి సుమా! ఎండెక్కేక ఎవరైనా తీస్తారు. మరి రాలేకపోతేనో?"

"బండితోపాటు నన్ను కూడా తూకం వేయించెయ్యండి!"

ఇంటిల్లిపాదీ నవ్వారు, సువర్ణమ్మ గారు తప్ప.

సంజె మసకలో మెర్సీ దుప్పటి, ఫోను, ఫ్లాస్కు నిండా వేడి టీ పట్టుకుని బండి ఎక్కింది. తలుపు మూసుకుంది. కాటుక కరిగి జారినట్టు చీకటి కొబ్బరిచెట్ల మీదినుంచి దిగింది. కాలువలో నీటి సవ్వడి... పైన ఆకుల గలగల...

ఎండుటాకుల మీద అడుగు పడింది.

ఆగింది.

మళ్లీ పడింది.

మెర్సీ తెర సందులోంచి చూసింది — తెల్లని ఆకారం! నడుము వంచి, తాళం దగ్గర మోము చేర్చి... గుసగుస... గుసగుస... మొదటి తలుపు. రెండో తలుపు. ఆమె వీపు ఆనించిన మూడో తలుపు! చదివిన భౌతికశాస్త్రమంతా ఆ క్షణాన దుప్పటి ముసుగు వేసుకోవడానికే ఉపకరించింది.

ఎప్పుడు కన్నంటిందో తెలియదు. చలికి మెలకువ వచ్చేసరికి తూరుపున మసక వెలుగు. గట్టు మీద ట్రాలీ ఆటో చప్పుడు. అదరిపడి పిడి పట్టుకుంది.

కదలలేదు.

రెండో తలుపు... కదలలేదు. మూడోది... ఊహూఁ.

"అమ్మాయి గారూ!" బయటినుంచి త్రిమూర్తులు వణికే గొంతు. "ఉన్నారాండీ?"

"మెర్సీ!" దేవదానం గారి గొంతులో నవ్వు లేదు. "రావే తల్లీ... పందెం పోతే పోయిందిలే!"

తూరుపు ఎర్రబడుతోంది. మెర్సీ చేయి గొళ్లెం మూలకు జారింది. ఏదో తగిలింది. చల్లగా... మెత్తగా... జారుతూ. ఫోను వెలుగులో చూసింది. తాళపు సందులోంచి పాలిపోయిన వేలికొన ఒకటి లోపలికి తొంగిచూస్తోంది!

కేక గొంతుదాకా వచ్చింది. అంతలో చేతికంటిన ఆ తెలుపు... కరిగింది. చుక్కై అరచేతిలోకి జారింది. మెంతులు, కరివేపాకు వేసి కాచిన వాసన! చిన్ననాడు ప్రతి ఆదివారం, గుడికి వెళ్లేముందు జడ వేస్తున్నప్పుడు తన మాడున ఇంకిన వాసన.

కేక కాస్తా పకపక నవ్వయింది. ఆ నవ్వు విని బయట త్రిమూర్తులు ఆటో వెనక్కి పరుగెత్తాడట.

మెర్సీ ఫ్లాస్కు మూత తీసి, ఇంకా పొగలు కక్కుతున్న టీని తాళం మీద కొంచెం కొంచెంగా పోసింది. ఇనుము వేడెక్కింది. తెలుపు జారింది. టిక్కుమంది. తలుపు తెరుచుకునే సమయానికి సూర్యుడు ఇంకా గోదావరి అవతలే ఉన్నాడు.

"దెయ్యం కాదు నాన్నా, కొబ్బరినూనె! చలికి పేరుకుని తాళాన్ని పట్టేస్తోంది, ఎండకి కరిగి వదిలేస్తోంది. త్రిమూర్తులు గారూ, నిరుడు మిమ్మల్ని ఆపింది కూడా ఇదేనండీ."

"నూనాండీ!" త్రిమూర్తులు ఆటో చాటునుంచి తల మాత్రం చూపాడు. "మరి... ఆ తెల్లని ఆకారమో?"

పాక వెనుక ఎండుటాకులు చప్పుడయ్యాయి.

తెల్లచీర కొంగు తల మీదికి కప్పుకుని సువర్ణమ్మ గారు వచ్చారు. చేతిలో ఖాళీ సీసా.

"గట్టు మీద కాలు జారుతుంది, రావద్దన్నావు కదరా," అన్నారు కొడుకుతో, తప్పుచేసిన పిల్లలా. "అందుకే నీకు కనపడకుండా చీకటిపడ్డాక వస్తున్నాను. నాన్నగారి బండికి తుప్పు పట్టకూడదని ప్రార్థన చేసి, తలుపుకింత నూనె పోసేదాన్ని. బిగుసుకుంటున్నాయని నువ్వంటే... పాపం చాలట్లేదేమోనని ఇంకాస్త పోసేను."

"రాత్రి కూడానా మామ్మా?"

"రాత్రి నువ్వు లోపలున్నావు కదమ్మా. నీకు సులువుగా తెరుచుకోవాలని... సీసా అంతా పోసేసేను."

త్రిమూర్తులు నవ్వు ఆపుకోలేక ఆటో తిప్పుకున్నాడు, ఉత్త చేతులతోనే. మెర్సీ తండ్రి చెవిలో మామ్మ రేవు కోరిక చెప్పింది. దేవదానం గారు తల్లి చేతిలోని సీసా మెల్లగా అందుకుని జేబులో వేసుకున్నారు. బండి తలుపు బార్లా తెరిచారు.

"ఎక్కమ్మా... రేవుకి పోదాం," అన్నారు. "తలుపు మాత్రం నువ్వు ముట్టుకోకు."