పూసల చిలక చోటు

పెరట్లో పెట్టిన సోఫా కింద దూరి పిచ్చుక దాని కాళ్లు తడిగుడ్డతో తుడుస్తోంది. రంగు చుక్కలు పడి ఎండిపోయాయి. గోరుతో గీకితే గాని రావడం లేదు.

“కింద కాపురం పెట్టావా ఏంటి? బయటికి రా!” అంటూ అన్నయ్య ఆమె పాదం పట్టుకుని లాగాడు.

“హాలు సర్దేదాన్ని నేను. మోసేవాడివి నువ్వు. గుర్తుందిగా?” అంది పిచ్చుక కింది నుంచే.

“చిత్తం మహారాణీ!”

పొద్దస్తమానం కిచకిచమంటుందని నాయనమ్మ ఆమెకు ఆ పేరు పెట్టింది. బళ్లో వేరే పేరుంది కానీ, ఇంట్లో ఎవరికీ అది నోటికి రాదు.

నాన్న బస్సు డ్రైవరు. నిన్న సెలవు రోజంతా నిచ్చెన మీదే ఉండి హాలు గోడలకు కొత్త రంగు వేశాడు. అమ్మ ఇళ్లకు కర్టెన్లు, సోఫా కవర్లు కుడుతుంది. ఇవాళ ఆమెకు మిషను దగ్గరి నుంచి లేచే తీరిక లేదు.

“అమ్మా, ఈసారి హాలు నేను సర్దనా?” అని పొద్దున్నే పిచ్చుక అడిగింది.

“నీకెలా బాగుంటే అలా సర్దు. గోడలు మాత్రం మాపకండి,” అంది అమ్మ, పెదాల మధ్య గుండుసూది పెట్టుకునే.

అప్పట్నుంచి పిచ్చుక కాలు నేల మీద నిలవడం లేదు.

అమ్మ కర్టెన్లు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడల్లా పిచ్చుక తోడు వెళ్తుంది. ఆ ఇళ్లలోని హాళ్లు చూసి నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. నడిమధ్యలో టీపాయి. సోఫా పైన గోడ మీద ఒకే ఒక్క పెద్ద బొమ్మ. తమ హాల్లోనేమో సామానంతా ఒకే గోడను ఆనుకుని ఉండేది, పీటీ మాస్టారికి భయపడి వరసలో నిలబడ్డ పిల్లల్లాగా. నాయనమ్మ గది గుమ్మం పక్కన చెక్క బీరువా. తరవాత ట్రంకు పెట్టె, సోఫా, కుర్చీ. ఆ తరవాత వీధి గుమ్మం.

వీధి గుమ్మం పక్కన పూసల చిలక.

దాన్ని నాయనమ్మే కుట్టింది, చూపు బాగున్న రోజుల్లో. దళసరి బట్ట మీద ఒత్తుగా ఆకుపచ్చ పూసలు, ఎర్ర పూసల ముక్కు. చుట్టూ చెక్క ఫ్రేము. అద్దం లేదు. అంత అందమైన బొమ్మ మరీ కిందికి వేలాడుతుండేది. వచ్చినవాళ్లు చెప్పులు విప్పుకోవడానికి వంగితే గాని కనబడేది కాదు.

‘పాపం నాయనమ్మ! అంత కష్టపడి కుడితే చెప్పుల పక్కన పెట్టారు’ అనుకుంది పిచ్చుక.

అందుకే ముందుగా చిలక సంగతి చూసింది. సోఫాను ఎదుటి గోడకు మార్చి, దాని పైన, బాగా ఎత్తున కొత్త మేకు కొట్టించింది.

“ఇంకా పైకా? చిలక ఎగిరిపోగలదు జాగ్రత్త!” అన్నాడు అన్నయ్య, సోఫా చేతి మీద నిలబడి సుత్తి ఊపుతూ.

గుమ్మం పక్కనున్న పాత మేకు పీకేసి, ఆ కన్నాన్ని మిగిలిన రంగుతో పూడ్చేశారు. ట్రంకు పెట్టె మూలకు వెళ్లింది. దాని మీదికి పూలకుండీ ఎక్కింది. కుర్చీ కిటికీ దగ్గరికి చేరింది. టీపాయి నడిమధ్యలో కూర్చుంది. బీరువాను కదిలించడం మాత్రం ఇద్దరి వల్లా కాలేదు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

“క్షమించాలి, ఇల్లు తప్పి వచ్చినట్టున్నాను,” అని వెనక్కి తిరిగాడు.

“నాన్నా!” అని పిచ్చుక చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. అమ్మ కూడా మిషను ఆపి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని హాలంతా చూసింది. “అబ్బో, నా గిరాకీలు చూస్తే కుళ్లుకుంటారే!” అంది.

పిచ్చుక నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“నా చిలకేదే?” అంది నాయనమ్మ.

“ఇక గుమ్మం పక్కన ఉండదు నాయనమ్మా! సోఫా పైన, అందరికీ కనబడేలా పెట్టాను!”

నాయనమ్మ మొహం ఆ వైపు తిప్పింది. “మంచి చోటే దొరికింది దానికి,” అంటూ పిచ్చుక తల నిమిరింది.

నాయనమ్మ చూపు మసకబారి చాలా కాలమైంది. వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. కానీ ఇంట్లో ఆమె తిరిగే తీరు చూస్తే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. రోజూ సాయంత్రం తల దువ్వుకుని, ఎవరికీ చెప్పకుండా గుమ్మం దాటి వెళ్లిపోతుంది. పక్కనే బడ్డీకొట్టు. ఆ కొట్టు మామ్మ, నాయనమ్మ పాత స్నేహితులు. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారంటే వాళ్ల నవ్వులు వీధి మొదట్లోకి వినిపిస్తాయి.

ఆ సాయంత్రం మాత్రం నాయనమ్మ కదల్లేదు. “కాళ్లు లాగుతున్నాయే,” అంది. మర్నాడు, “గాలి చల్లగా ఉంది,” అంది. ఆ తరవాత ఏ సాకూ చెప్పలేదు. మంచం మీదే కూర్చుంది.

పిచ్చుక రబ్బరు కొనడానికి వెళ్తే కొట్టు మామ్మ నిలదీసింది.

“ఏమే, మీ నాయనమ్మకు నా మీద అలకా? మాట్లాడే దిక్కులేక బిస్కెట్ల డబ్బాలకు కబుర్లు చెబుతున్నాను. అవేమో ఊ కూడా కొట్టవు!”

పిచ్చుకకు నవ్వొచ్చింది. ఇంటికి పరుగెత్తి, “నాయనమ్మా, రా, నేను తీసుకెళ్తాను,” అని చెయ్యి అందించింది.

“వద్దులే తల్లీ. రోజూ నిన్ను కొంగుకు కట్టుకుని తిరగనా? పోయి ఆడుకో,” అంది నాయనమ్మ. నవ్వుతూనే అంది. కానీ చెయ్యి మాత్రం అందుకోలేదు.

హాల్లోకి వస్తే పిచ్చుకకు ఒళ్లు మండిపోయింది. వీధి గుమ్మం పక్కన కొత్త గోడ మీద వేలి మరకలు!

“అన్నయ్యా! గోడంతా మాపింది నువ్వేనా?”

“నేనా? నాకేం పని? అక్కడేమైనా చాక్లెట్ అతికించారా?” అన్నాడు అన్నయ్య. మరకల పక్కన తన చెయ్యి పెట్టి చూపించాడు. “చూడు, ఇవి నా వేళ్లలా ఉన్నాయా?”

లేవు. సన్నగా ఉన్నాయి. పైగా అన్నీ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి.

దొంగ ఎవరో తేల్చాలని మర్నాడు బడి నుంచి రాగానే పిచ్చుక వంటింటి తలుపు చాటున నిలబడింది. లోపల అమ్మ మిషను చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం.

నాయనమ్మ గదిలోంచి బయటికొచ్చింది. తల దువ్వుకుని ఉంది. బీరువా అంచు తడిమి, చెయ్యి ముందుకు చాపింది. అక్కడ ట్రంకు పెట్టె లేదు. చెయ్యి గాల్లో ఊగింది. ఒక అడుగు పక్కకు వేసేసరికి మోకాలికి టీపాయి కొట్టుకుంది. “అమ్మా,” అని చిన్నగా అని, మళ్లీ గోడ పట్టుకుంది.

గోడ వెంట మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆమె చెయ్యి కిందికి దిగింది. గోడ మీద గుండ్రంగా తిరిగింది. వెతికింది. గోడ నున్నగా ఉంది. వేళ్లకు ఏమీ తగల్లేదు.

గుమ్మం దాటగానే మెట్టు ఉంది. అది పిచ్చుకకు అప్పుడు గుర్తొచ్చింది. చిలక ముక్కు ఎప్పుడూ ఆ మెట్టు వైపే ఉండేది.

నాయనమ్మ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పిచ్చుక అమ్మ కత్తిరించి పారేసిన గుడ్డముక్క తీసి కళ్లకు కట్టుకుంది. నాయనమ్మ గది గుమ్మంలో నిలబడి నడవడం మొదలుపెట్టింది. టీపాయి కొట్టుకుంది. కుర్చీ ఎటుందో తెలియలేదు. తన సొంత ఇల్లే, అయినా తనెక్కడుందో తెలియలేదు.

“దాగుడుమూతలా? నన్నెందుకు పిలవలేదు?” అన్నాడు అప్పుడే వచ్చిన అన్నయ్య.

“నువ్వూ కట్టుకుని చూడు. వీధిలోకి వెళ్లాలి, అంతే.”

అన్నయ్య నవ్వుతూ కట్టుకున్నాడు. పూలకుండీకి గుద్దుకుని ఆగాడు. గుడ్డ విప్పి, గుమ్మం పక్కనున్న మరకల వైపు చూశాడు. ఈసారి నవ్వలేదు.

“సోఫా ఆ కొస నువ్వు పట్టుకో,” అన్నాడు.

సామాను ఈడ్చే చప్పుడుకు అమ్మ పరుగెత్తుకొచ్చింది. “మళ్లీ ఏమొచ్చిందే మీకు? శుభ్రంగా ఉన్నదాన్ని!”

“బాగానే ఉందమ్మా. కానీ నాయనమ్మకు దారి లేదు,” అంది పిచ్చుక.

అమ్మ మెడలోని టేపు తీసి పక్కన పెట్టి, టీపాయిని తనే ఎదుటి గోడవారకు లాగింది. లోపలికి వెళ్లి గుడ్డముక్కల మూట తెచ్చింది.

పిచ్చుక కళ్లు మూసుకుని, వేళ్లతో ముక్కలు ఏరింది. ట్రంకు పెట్టె అంచుకు గరుకు గోనెగుడ్డ. సోఫా చేతులకు మెత్తటి మఖమలు. కుర్చీ వీపుకు గళ్లు గళ్లుగా ఉబ్బిన కర్టెన్ బట్ట. అమ్మ వాటిని గబగబా కుట్టి ఇచ్చింది. పూలకుండీని మాత్రం కిటికీ కింద పెట్టారు. అక్కడ ఎవరి దారికీ అడ్డం కాదు.

చివరికి అన్నయ్య చిలకను దించాడు. ఎక్కడ కొట్టాలో అడగలేదు. మేకును సరిగ్గా మరకల మధ్యనే పెట్టి కొట్టాడు.

అమ్మ తడిగుడ్డ తీసింది. “ఈ మరకలు తుడిచేయనా?”

“ఉండనీ అమ్మా.”

అప్పుడే నాన్న వచ్చాడు. “ఏమిటి, మళ్లీ మా ఇల్లు మాకు ఇచ్చేశారా?” అనబోతుంటే, పిచ్చుక వేలు పెదాల మీద పెట్టుకుని సైగ చేసింది.

నాయనమ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది.

చెయ్యి చాపింది. బీరువా. తరవాత గోనెగుడ్డ. వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి. మఖమలు తగలగానే ఆమె పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. తరవాత గళ్ల బట్ట. తరవాత పూసలు. తోక మీంచి, రెక్క మీంచి పాకి ఎర్ర ముక్కు దగ్గర వేళ్లు ఆగాయి. అక్కడే కాసేపు ఉన్నాయి.



నాయనమ్మ కాలెత్తి గుమ్మం దాటింది. మెట్టు దిగింది. చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. ఎవరికీ చెప్పకుండా, ఎప్పటిలాగే వెళ్లిపోయింది.