కాన్సాస్ సిటీ ఆసు

"నీ పని చూడటం. ఆడి గెలవడం కాదు," అన్నాడు కల్నల్ హాస్కెల్.

"పేకబల్ల దగ్గర ఆడకుండా కూర్చుంటే అందరూ నన్నే చూస్తారు సార్," అంది వెర్నా టల్లీ.

లాస్ వేగస్, 1984. సిల్వర్ స్పర్ హోటల్ వెనక ఆగిన లాండ్రీ వ్యాన్‌లో మిట్టమధ్యాహ్నం బ్రీఫింగ్ జరుగుతోంది. నెరిసిన విగ్గుతో, చెవి మిషన్‌తో వెర్నా అచ్చం టెక్సస్ పశువుల ఆసామి భార్యలా ఉంది. ఆ చెవి మిషన్ నిజానికి రేడియో. జాకెట్ మీది బ్రోచ్‌లో మైకు.

"డాక్టర్ ఎల్మర్ వోగెల్," అన్నాడు హాస్కెల్. "మన బాంబుల లెక్కలన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఇవాళ ఆయన్ని ఎత్తుకుపోవడానికి వస్తున్నారు. ఎడారిలో ఎక్కడో విమానం రెడీగా ఉంది. అది ఎగిరిందంటే ఆయన మళ్లీ కనబడడు."

"ఆయన్ని ఇంట్లోనే ఉండమనొచ్చుగా?"

"శనివారం పోకర్ మానమంటే ఉద్యోగమే మానేస్తానంటాడు."

"ఎత్తుకుపోయేదెవరు?"

"ఓర్విల్ డన్ అని, పశువుల వ్యాపారి. అవతలి ముఠా మనిషి. ఈ కబురు మార్లా ఇచ్చింది. 'ఇక్కడ ఉక్కగా ఉంది' అని ఆమె అనగానే మనవాళ్లు ఓర్విల్‌ని పట్టుకుంటారు. ఆమె డాక్టర్‌ని వంటగది దారిన బయటికి తెస్తుంది."

మార్లా కీటింగ్ ఆ ముఠాలో చేరి హాస్కెల్ గూఢచారి బ్యూరోకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. సొంతూరు కాన్సాస్ సిటీ. ఆమె పేరెత్తితే చాలు, హాస్కెల్ ముఖం వెలిగిపోతుంది. వెర్నాకి ఆ వెలుగు నచ్చలేదు.

హోటల్లో పేకబల్ల చుట్టూ నలుగురే: డాక్టర్, ఓర్విల్, మార్లా, వెర్నా. పంచేవాళ్లు ఏ ఆట చెబితే ఆ ఆట. మొదట హోల్డెమ్. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ఈ ఆటలో ఓపిక ఉన్నవాడిదే రాజ్యం. చెత్త ముక్కలొస్తే పడేయాలి. అందరి మాటా విన్నాక తన వంతు వచ్చే కుర్చీలో ఉంటే కాస్త ధైర్యం చేయొచ్చు. వెర్నా పడేస్తూనే ఉంది.

"ఏమ్మా, ఆడటానికొచ్చావా, ఏసీ కింద కూర్చోడానికొచ్చావా?" అన్నాడు ఓర్విల్.

"మీ డబ్బుకి తొందరెక్కువ బాబూ. ముందు దాన్ని పోనివ్వండి."

పోయింది కూడా. ఓర్విల్ దేన్నీ వదలడు. ఒమాహాలో చేతికి నాలుగు ముక్కలొస్తాయి, వాటిలో కచ్చితంగా రెండే వాడాలి. నాలుగూ ఒకదానికొకటి కలిసొస్తేనే పందెంలో దిగాలి. ఓర్విల్‌కి మాత్రం నాలుగు ముక్కలు కనబడితే చాలు, పెళ్లిభోజనానికి కూర్చున్నట్టే. ఇంత బాహాటంగా ఓడిపోయేవాడు గుట్టు ఏం దాస్తాడని వెర్నాకి అప్పుడే అనుమానమొచ్చింది.

స్టడ్‌లో ఎదుటివాళ్ల ముక్కలు సగానికిపైగా బయటికే కనబడతాయి. ఎవరే ముక్క పడేశారో గుర్తుంచుకోవడమే అందులో ఆట. మార్లా అన్నీ గుర్తుంచుకుంది. గెలవలేనని తెలిసిన మరుక్షణం, చిరునవ్వు చెదరకుండా పడేసింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?" అన్నాడు డాక్టర్, ఆమె ఉంగరాల వేళ్లనే చూస్తూ.

"నాన్న ఒళ్లో. కాన్సాస్ సిటీలో పేక పంచడమే ఆయన ఉద్యోగం."

"అయితే మీ ఊరి లోబాలే పంచుతా!" అన్నాడు ఓర్విల్.

లోబాల్‌లో అన్నీ తలకిందులు. చేతికి ఐదు ముక్కలు, నచ్చనివి ఒకసారి మార్చుకోవచ్చు, అందరికన్నా చిన్న ముక్కలున్నవాడిదే పందెం. కాలిఫోర్నియాలో ఆసుని ఒకటిగా లెక్కేస్తారు, కాబట్టి అది బంగారం. కాన్సాస్ సిటీ పద్ధతిలో ఆసు అన్నింటికన్నా పెద్దది, కాబట్టి దరిద్రం. ఆ ఊరి పిల్లలు చేతిలో ఆసు కనబడితే పురుగుని దులిపినట్టు దులిపేస్తారు.

మార్లా ఒక్క ముక్కా మార్చుకోలేదు. ఆమె చూపు మాటిమాటికీ తలుపు వైపు పోతోంది. చేతులు చూపించే వేళకి ముక్కలు పరిచింది. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఆరు. పరుస్తూనే రెండో చేత్తో చిప్స్ తన వైపు లాక్కోబోయింది.

వెర్నా చేతిలో అన్నిటికన్నా పెద్దది తొమ్మిది. పందెం ఆమెదే.

"ఇదేంటమ్మా!" ఓర్విల్ పగలబడి నవ్వాడు. "మీ ఊరి ఆటలో ఆసు దాచుకున్నావా?"

"కాలిఫోర్నియా అలవాటు," అంది మార్లా, తనూ నవ్వుతూ.

నోరు ఎంతైనా సర్దుకుంటుంది. ముందే సాగిన చెయ్యి అబద్ధం చెప్పదు. వెర్నా రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతూ బ్రోచ్‌లోకి గొణిగింది. "మార్లాది కాన్సాస్ సిటీ కాదు. వాళ్ల మనిషి ఈమే. ఓర్విల్ ఒట్టి అమాయకుడు."

"ఒక్క పేకముక్క చూసా? నోర్మూసుకుని కూర్చో," అంది చెవిలో హాస్కెల్ గొంతు. "ఇది ఆర్డర్."

"ఇక్కడ ఉక్కగా ఉంది," అంది మార్లా.

ఇద్దరు మనుషులొచ్చి ఓర్విల్‌ని రెక్కలు పట్టుకుని లేపారు. "ఓరి నాయనో, ఓడిపోతే కూడా అరెస్టేనా?" మార్లా శాలువా సర్దుకుని డాక్టర్ చెయ్యి పట్టుకుంది.

"టల్లీ, కదిలితే నీ ఉద్యోగం ఊడినట్టే!" అంది చెవిలో గొంతు.

వెర్నాకి ఒళ్లు మండింది. సీక్వెన్సుకీ రంగుకీ తేడా తెలియని మనిషి తనకి ఆట చెబుతున్నాడు. చెవి మిషన్ పీకి ఓర్విల్ విస్కీ గ్లాసులో పడేసి, పరుగు తీసింది.

వంటగది చివర తలుపు తెరిచి ఉంది. బయట ఇంజిన్ మోగుతున్న వ్యాన్. మార్లా శాలువా కింద పిస్తోలు, దాని మొన డాక్టర్ పక్కటెముకల్లో. ఆయన ముఖం పాలిపోయింది. కాలిస్తే గుండు ముందు తగిలేది ఆయనకే. వెర్నా దగ్గర ఇక ఆడటానికి ముక్కే లేదు.

మిగిలింది బ్లఫ్, చేతిలో ఏమీ లేకున్నా ఉన్నట్టు నమ్మించడం. ఓర్విల్ లాంటివాడి దగ్గర బ్లఫ్ దండగ, వాడు ఏ పందేన్నీ వదలడు. బ్లఫ్ పనిచేసేది బాగా ఆడేవాళ్ల దగ్గరే, పడేయడం వచ్చినవాళ్ల దగ్గరే. మార్లా మధ్యాహ్నమంతా చక్కగా పడేసింది.

వెర్నా విగ్గు తీసి, బంగాళాదుంపల బస్తా మీద తాపీగా కూర్చుంది.

"వెళ్లు మార్లా. ఎవరు ఆపారు?"

మార్లా ఆగిపోయింది. "ఏంటీ?"

"నీ పైలట్ ఇందాకే నోరు విప్పాడు. ఆ వ్యాన్‌లో ఉన్నది మావాడు. డాక్టర్‌కి దెబ్బ తగిలితే నీకు కరెంటు కుర్చీ ఖాయం. పిస్తోలు పెట్టేస్తే బేరం మాట్లాడుకోవచ్చు."

బయట హారన్ మోగింది.

"అదిగో, పిలుస్తున్నాడు. రమ్మంటే పోవేం?"

మార్లా తలుపు వైపు చూసింది. వెర్నా వైపు చూసింది. హారన్ మళ్లీ మోగింది. వెర్నా రెప్ప వాల్చలేదు. మార్లా నెమ్మదిగా పిస్తోలు కూరగాయల బల్ల మీద పెట్టింది.

వెర్నా దాన్ని అందుకుని, తలుపు మూసి గడియ వేసింది. మరుక్షణం బయట టైర్లు కీచుమన్నాయి. వ్యాన్ ప్రాణభయంతో పారిపోయింది.

మార్లా ముఖం నల్లబడింది. "మీవాడన్నావుగా! పైలట్‌ని పట్టుకున్నామన్నదీ అబద్ధమేనా?"

"చూడాలనుంటే పందెం కాయాల్సింది తల్లీ. పడేసినవాళ్లకి ముక్కలు చూపించే ఆచారం లేదు."

డాక్టర్ వోగెల్ గోడకి జారగిలబడి చెమట తుడుచుకున్నాడు. "నాకు చెప్పమ్మా, ఎవరికీ చెప్పను. నీ చేతిలో నిజంగా ఏమీ లేదా?"

"మీరూ పందెం కాయలేదు డాక్టరుగారూ," అంది వెర్నా.